పాదిరి గారి గొడుగు

ఇంగ్లండు తూర్పు తీరంలో ఒక జిల్లా పాత రికార్డుల ఆఫీసు. మంగళవారం పొద్దున్న, బయట వాన. చదువుకునే హాలు గుమ్మంలో డెబ్భై నాలుగేళ్ళ మ్యూరియెల్ ఫెన్నర్‌ని ఆ హాలు అధికారిణి మిస్ థ్రింగ్ ఆపేసింది. ఆపడం ఆవిడ ఉద్యోగం, ఆగకపోవడం ఈవిడ స్వభావం.

"గొడుగు కూడానా?"

"గొడుగు కూడానే, ఫెన్నర్ గారూ. సంచీ, కోటు, పెన్ను, గొడుగు, ఏవీ లోపలికి రావు. పెన్సిలు తెచ్చుకోవచ్చు."

"ఈ వయసులో గొడుగుతో మీ కాగితాల్ని పొడుస్తాననుకున్నారా?"

"పొడవరు. తడుపుతారు. ఒక్క చుక్క పడిందంటే రెండు వందల ఏళ్ళ సిరా కారిపోతుంది."

"ఇది మా పుట్టింటి గొడుగు. ఎవరైనా ఎత్తుకుపోతే?"

"అక్కడ స్టాండులో పెట్టండి. బాతు తల పిడి ఉన్న గొడుగుని ఎత్తుకుపోయేవాళ్ళు... బాతు తల. ఇది బాగా పాతదాండీ?"

"బట్ట ఎన్నిసార్లు మార్పించామో లెక్కలేదు. పిడి మాత్రం మా తాత నాటిదో, ఆయన తాత నాటిదో. ఏమిటలా చూస్తున్నారు? దానిక్కూడా పేరూ ఊరూ రాయించాలా?"

"ఏం లేదు. ఆ డబ్బా కూడా లాకర్లో పెట్టెయ్యండి. తినుబండారాలు లోపలికి అస్సలు రాకూడదు."

"తినుబండారం కాదు. మా ఆయన."

"ఏమన్నారూ?"

"మా ఆయన డెస్మండ్. దహనం చేసినవాళ్ళు బూడిదని ఆకుపచ్చ ప్లాస్టిక్ సీసాలో పోసిచ్చారు. చూస్తే గడ్డిమందు సీసాలా ఉంది. అందుకని బిస్కెట్ డబ్బాలోకి మార్చాను. మూత మీద స్కాట్లండు కోట బొమ్మ ఉంది చూశారా? బతికుండగా ఎన్నిసార్లు తీసుకెళ్ళమన్నా వెళ్ళలేదు. ఇప్పుడు కోటలోనే కాపురం."

"అయ్యో. నాకు కబురు తెలిసిందండీ. చాలా బాధనిపించింది. ప్రతి మంగళవారం పది గంటలకి..."

"తెలుసు. పదహారేళ్ళు. మంగళవారం మా ఇంట్లో మొగుడుండడని మా వీధి పిల్లికి కూడా తెలుసు. అందుకే ఇవాళ కూడా తీసుకొచ్చాను. ఇంట్లో ఉంచితే వారం తప్పిందని బెంగపెట్టుకుంటాడు."

"పద్నాలుగో లాకరు ఖాళీగా ఉంది. ఆయనెప్పుడూ అదే తీసుకునేవారు."

"మరింకేం. సొంతింటికి వచ్చినట్టే. నెమ్మదిగా పెట్టండి, మూత వదులు."

"పెట్టాను. తాళం నా దగ్గరుంటుంది, వెళ్ళేటప్పుడు ఇస్తాను. కూర్చోండి. మీకేం చూడాలి?"

"రుజువు. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా. ఇదిగో, బిషప్ గారి కోర్టు నుంచి ఉత్తరం."

"దేనికి రుజువు?"

"మా ఆయన పాదిరి గారి మునిమనవడి కొడుకో, వాడి కొడుకో అని. ఎల్లింగ్స్‌బీ చర్చి శ్మశానం మూసేసి అరవై ఏళ్ళయింది. కొత్తవాళ్ళని రానివ్వరు. పాత సమాధి ఎవరిదో వాళ్ళ రక్తం పంచుకు పుట్టినవాళ్ళయితేనే ఆ పక్కన చోటిస్తారట. రక్తం ఉందో లేదో ఈ ఆఫీసు ముద్ర వేసి చెప్పాలట."

"ఉత్తరం రెండు పేజీలున్నట్టుందే."

"మొదటిదే మూడుసార్లు చదివాను. లాయర్ల రాత, తల తిరిగిపోయింది. రెండోది మళ్ళీ దేనికి? ‘వంశక్రమానికి రుజువు, శుక్రవారం, లేనిచో అర్జీ కొట్టివేత.’ అసలు ముక్క అదే."

"రెండోది కూడా ఒకసారి..."

"అది సరేనండీ, ఆ పాదిరిని బయటికి తీయండి ముందు. సెప్టిమస్ ఫెన్నర్. ఆయన కొడుకు సైమన్, సైమన్ కొడుకు జార్జి, జార్జి కొడుకు హెర్బర్ట్, అలా వచ్చి వచ్చి మా డెస్మండ్ దగ్గర ఆగింది. నాకు నోటికొచ్చు. పదహారేళ్ళు అన్నంలో కలిపి పెట్టినట్టు పెట్టాడు. ఇంటికెవరొచ్చినా ఇదే గొడవ. గ్యాసు పొయ్యి బాగుచెయ్యడానికొచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి చెప్పాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండీ అని."

"మీకు నమ్మకం లేదా?"

"నమ్మకం కాదు, నవ్వు. నేను మెథడిస్టుల పిల్లనమ్మా, పెద్ద చర్చిని కాదని వేరే మందిరం కట్టుకున్న శాఖ. మావాళ్ళు పెద్ద చర్చి గుమ్మం తొక్కరు. పాదిరి వంశమని చెప్పుకునేవాళ్ళ ఇంట్లో పడుతున్నానని మా నాన్న నా పెళ్ళినాడు చర్చి లోపలికి రానేలేదు. వానలో బయటే నిలబడ్డాడు, ఆ గొడుగే వేసుకుని. మంగళవారం సాయంత్రం మా ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే అడిగేదాన్ని, ‘ఏం, మీ తాతగారు ఇవాళైనా పలికారా?’ అని. పదహారేళ్ళు ఒక్క వారం మానలేదు."

"మరి ఇప్పుడు ఈ రుజువు..."

"రుజువు దొరక్కపోతే బూడిదలు పాతే కౌన్సిలు వాళ్ళ గులాబీ తోటే గతి. నలభై రెండో మొక్క కింద. ఆయనకి గులాబీలంటే తుమ్ములు."

"అదొక్కటేనా కారణం?"

"మీరు రికార్డుల ఆఫీసా, పోలీసులా?"

"ఊరికే అడిగాను."

"ఆఖరి వారంలో ఆస్పత్రిలో అన్నాడు. ‘మ్యూరీ, నన్ను పాదిరి గారి పక్కన పెట్టు’ అని. నేను అప్పుడూ నవ్వాను. అలవాటు. ‘ఆయన ఒప్పుకున్నాడా, రాత్రి కలలో పలికాడా’ అన్నాను. పక్కనున్న నర్సు నా వంక అదోలా చూసింది. మర్నాడు పోయాడు. నాకు దుఃఖంగా ఉందమ్మా. ఎంత దుఃఖంగా ఉందంటే, ఈ ఒక్క పనైనా నవ్వకుండా చేసి పెడదామని బస్సెక్కి వచ్చాను. ఈ కారణం చాలా?"

"చాలండి. ఆయన తీసుకున్న నకలు తెచ్చారా?"

"ఇదిగో. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. నేను దాని కింద ఉల్లిపాయలు వేలాడదీసేదాన్ని."

"ఇది బిషప్‌కి పంపిన నకలండీ. అసలు రిజిస్టరు కాదు. ఆ రోజుల్లో పాదిరులు బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ అన్నీ ఏడాదికోసారి తిరగరాసి బిషప్‌కి పంపాలి. విసుక్కుంటూ రాసేవారు. చూడండి, ‘సైమన్ ఫెన్నర్’ అని బిడ్డ పేరుంది. తల్లిదండ్రుల గడి ఖాళీ."

"ఖాళీ ఏమిటి? ఆ చివర సెప్టిమస్ ఫెన్నర్ అని ఉందిగా!"

"అది బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టే గడి. కింద చూడండి, ప్రతి బిడ్డకీ ఆ పేరే ఉంది."

"ప్రతి బిడ్డకీనా?"

"ఆ ఏడు ముప్పై ఒక్కమంది. మీ లెక్కన అందరూ ఆయన పిల్లలే అవుతారు."

"గట్టివాడే. మరి ప్రసంగాలు ఎప్పుడు రాసుకునేవాడో."

"ఫెన్నర్ గారూ."

"అర్థమైందమ్మా. ఇటు బిడ్డ ఫెన్నరు, అటు పాదిరి ఫెన్నరు, మధ్యలో ఖాళీ గడి. మా ఆయన ఆ ఖాళీ గడిలో ఏకంగా వంశాన్నే కాపురం పెట్టించాడు. మరి అసలు రిజిస్టరు ఏదీ?"

"ఎల్లింగ్స్‌బీ చర్చి పెట్టెలో చెమ్మ తగిలి బూజు పట్టేసింది. పేజీకి పేజీ విడదీసి బాగుచెయ్యడానికి చాలా ఏళ్ళు పట్టింది. తొమ్మిదేళ్ళ కిందట మా దగ్గరికొచ్చింది."

"మరి తెప్పించండి."

"ముందు ఈ చీటీ రాయాలి. పేరు, తేదీ, పుస్తకం నంబరు, సంతకం. ఎవరు ఏ పుస్తకం తీసినా చీటీ ఉండాల్సిందే."

"చచ్చినవాణ్ణి చూడటానికి బతికున్నవాళ్ళ సంతకం. ఇదిగో, రాశాను."

"కొంచెం ఆగండి, తెస్తాను... ఇదిగోండి. ఈ దిండు మీద పెట్టి మెల్లగా తెరవండి. లేకపోతే వెన్ను విరుగుతుంది."

"పుస్తకానికి దిండా! ఆస్పత్రిలో మా ఆయనకి రెండో దిండు అడిగితే లేదన్నారు. ముందే తెలిస్తే ఇక్కడే పడుకోబెట్టేదాన్ని."

"ఇదిగో, పేజీ దొరికింది. చదవమంటారా?"

"చదవండి. నా కళ్ళజోడు దగ్గరివి చూపించదు, దూరానివి చూపించదు. మొహం మీద ఉందన్న ధైర్యానికి పెట్టుకుంటాను."

"‘1819 అక్టోబరు 28. మగబిడ్డ, సైమన్. తల్లిదండ్రులు తెలియదు.’"

"తెలియదా?"

"‘సెయింట్ సైమన్ పండుగ నాడు తెల్లవారేసరికి చర్చి వాకిట్లో చేపల బుట్టలో దొరికాడు. పండుగ పేరే పెట్టాను.’"

"చేపల బుట్టలో."

"దొరికిన బిడ్డలకి అప్పట్లో అలాగే పెట్టేవారండీ. ఏ పండుగ నాడు దొరికితే ఆ పేరు. ఇంటిపేరుకి ఊరి పేరో, వీధి పేరో."

"మరి ఫెన్నర్ అని ఎలా వచ్చింది?"

"కింద సన్నగా రాశాడు. ‘ఈ బిడ్డ తండ్రిని నేనేనని ఊరివారు తీర్మానించినట్టు మా వంటమనిషి ద్వారా తెలిసింది. ఇక వెతికే శ్రమ వారికెందుకని నా ఇంటిపేరే ఇచ్చాను. పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ప్రసంగిస్తున్నాను. నా మాట ఒక్కటీ వీరు ఇంత శ్రద్ధగా నమ్మలేదు.’"

"హహ్హహ్హ! ఏమన్నాడూ? మళ్ళీ చదవండి, ఆ ఆఖరి ముక్క."

"‘నా మాట ఒక్కటీ వీరు ఇంత శ్రద్ధగా నమ్మలేదు.’ ఫెన్నర్ గారూ, నెమ్మదిగా. అవతల చదువుకుంటున్నారు."

"చదువుకోనివ్వండి, ఇంత మంచి ముక్క వాళ్ళకి దొరికుండదు. ఈయనకి నోరుందమ్మా! పాదిరంటే ఉప్పులేని గంజిలా ఉంటాడనుకున్నాను. ఈయనతో అయితే నేను కూడా చర్చికి... ఆగండి. అంటే సైమన్ ఆయన కొడుకు కాదన్నమాట."

"కాదు."

"ఏమో, నిప్పు లేందే పొగ రాదంటారు. ఊరికే అందరూ అనరు కదా. కొంచెం రక్తమైనా..."

"ఊరిపెద్దల పుస్తకంలో ఉంది. జనవరిలో తల్లి దొరికింది. రేవులో చేపలు కోసే పిల్ల. తండ్రి ఒక డచ్చి నావికుడని ప్రమాణం చేసి చెప్పింది."

"డచ్చివాడా."

"డచ్చివాడే."

"అందుకేనా మా ఆయనకి ఆ డచ్చి జున్ను పిచ్చి. ఫ్రిజ్జు తెరిస్తే ఆయన జున్ను తప్ప పాలకి కూడా చోటుండేది కాదు. అది సరే గానీ, థ్రింగ్ గారూ. బిషప్ కోర్టు వాళ్ళకి ఈ నకలు ఒక్కటే పంపిద్దాం. ఖాళీ గడిది."

"పంపలేనండీ."

"ఈ పేజీ మీరు చూడలేదనుకోండి."

"చూశాను. పైకి చదివాను కూడా."

"దగ్గొచ్చింది, తల తిప్పారు. బూజు పట్టిన పుస్తకం కదా, దగ్గు రాదా ఎవరికైనా?"

"ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా దగ్గలేదండీ నేను."

"మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఒక్క పిడికెడు బూడిదమ్మా. ఆ డచ్చివాడి మనవడు ఎంత చోటు ఆక్రమిస్తాడు? పాదిరి గారు లేచి రక్తపరీక్ష చేయిస్తాడా? ఆయనే పేరిచ్చాడు, ఆయనకి లేని బాధ బిషప్‌కేమిటి?"

"మీ మాట నిజమే కావచ్చు. అయినా ముద్ర వెయ్యలేను."

"అయితే నేను ఓడిపోయానన్నమాట. బతికినన్నాళ్ళూ నవ్వాను, చచ్చాక ఒక్క కోరిక తీర్చలేకపోయాను. గులాబీల కింద పెడితే తుమ్ములే కదా, తుమ్మనివ్వండి. ఇదిగో మీ పుస్తకం, ఇదిగో మీ దిండు... ఈ పచ్చ చీటీ ఏమిటి లోపల?"

"అంతకు ముందు తీసినవాళ్ళ చీటీ. పుస్తకంతోనే ఉంచుతాం."

"ఇంకొకరు కూడా తీశారా దీన్ని?"

"ఒక్కరే."

"ఈ ఏడు... ఏడుకి నడుం మీద అడ్డగీత. ప్రపంచంలో ఏడుకి బెల్టు పెట్టేవాడు ఒక్కడే ఉన్నాడు. ఇది మా ఆయన రాత!"

"అవును. డి. ఫెన్నర్. జూన్ ఏడు. తొమ్మిదేళ్ళ కిందటిది."

"తొమ్మిదేళ్ళ కిందట ఈ పేజీ చదివాడా?"

"రిజిస్టరు మా దగ్గరికొచ్చిన మొదటి మంగళవారమే."

"చేపల బుట్ట?"

"అన్నీ చదివారు. ఊరిపెద్దల పుస్తకం కూడా తెప్పించుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం తెచ్చుకున్న శాండ్‌విచ్ తినకుండానే వెళ్ళిపోయారు."

"ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పుంటే వారం రోజులు నవ్వేదాన్ని. కొండని తవ్వి డచ్చివాణ్ణి పట్టావా అని... మరి ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఏం చేశాడిక్కడ? తాత తాత కాడని తెలిశాక ప్రతి మంగళవారం నెత్తికి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికొచ్చాడమ్మా? ఎవరి కోసం?"

"నా వంక చూస్తారేమిటండీ?"

"హాల్లో వెచ్చగా ఉంది. మీకు పెళ్ళి కాలేదు."

"ఫెన్నర్ గారూ, ఆయన పదహారేళ్ళలో నాతో ఆడిన మాటలన్నీ రాస్తే పోస్టుకార్డు నిండదు. అందులో సగం మీ గురించే."

"తిట్టేవాడా?"

"‘మా ఆవిడ నిన్న ఏమందో తెలుసా’ అని మొదలుపెట్టేవారు. మీ మాట ఒకటి చెప్పి తనే పగలబడి నవ్వేవారు. నేను ‘నిశ్శబ్దం’ బోర్డు చూపించేదాన్ని. మీ ఉల్లిపాయల సంగతి అలాగే తెలిసింది నాకు."

"...నవ్వేవాడా?"

"కళ్ళు తుడుచుకునేవారు."

"మరి ఏం వెతికాడో చెప్పండి."

"ఒకరు చేసిన పరిశోధన గురించి ఇంకొకరికి చెప్పకూడదండీ. ఇక్కడి నియమం."

"చచ్చిపోయినవాడికి కూడానా?"

"ఈ ఆఫీసే వాళ్ళ కోసం కదా. కానీ భార్య అడిగితే చెప్పొచ్చు. అడుగుతున్నారా?"

"పొద్దుణ్ణించీ ఏం చేస్తున్నానమ్మా, భజనా?"

"ఇదిగో ఆయన చీటీల కట్ట. ముందే తీసి పక్కన పెట్టాను. ఎల్లింగ్స్‌బీ మెథడిస్టు మందిరం, పెళ్ళిళ్ళ పుస్తకం."

"మెథడిస్టులా? పాదిరి పిచ్చివాడికి మావాళ్ళతో ఏం పని?"

"అదే మందిరం, చావుల పుస్తకం. జనాభా లెక్కలు, తోళ్ళవాడ వీధి. జోబ్ మాబ్స్, చెప్పులు కుట్టేవాడు."

"మాబ్సా? మాబ్స్ మా పుట్టింటి పేరు."

"తెలుసు."

"ఓహో! అదా సంగతి! నేను ఆయన తాతని వెక్కిరించానని మా తాతల్ని తవ్వడానికొచ్చాడా? ఏం దొరికింది? గొర్రె దొంగా? తాగుబోతా? కక్ష సాధించడానికి తొమ్మిదేళ్ళా!"

"ఆ పెళ్ళి నమోదు చదువుతాను, వినండి. ‘1840. జోబ్ మాబ్స్, చెప్పులు కుట్టువాడు. హారియెట్ ఫెన్నర్, ఇరవై మూడేళ్ళు. వధువు తండ్రి, సెప్టిమస్ ఫెన్నర్. తండ్రి వృత్తి, పాదిరి.’"

"మళ్ళీ చదవండి."

"‘వధువు తండ్రి, సెప్టిమస్ ఫెన్నర్. పాదిరి.’ జోబ్, హారియెట్‌ల కొడుకు ఎజ్రా. ఎజ్రా కొడుకు ఆల్బర్ట్."

"ఆల్బర్ట్ మా తాతయ్య."

"మీ తాతయ్యకి నాయనమ్మ ఆవిడ. పాదిరి గారి కన్నకూతురు."

"అబద్ధం. మావాళ్ళు పెద్ద చర్చి వైపు తలెత్తి కూడా చూడరు."

"ఎందుకు చూడరో ఈ కాగితంలో ఉంది. పాదిరి గారి వీలునామా. ‘నా కుమార్తె హారియెట్ నన్ను కాదని వేరొక మందిరాన్ని ఎంచుకున్నది. ఆ మందిరం కప్పు కారుతున్నదని వినికిడి. కనుక ఆమెకు నా గొడుగు, బాతు తల పిడి గలది, ఇస్తున్నాను. మరేమీ ఇవ్వను.’ మంచినీళ్ళు తెమ్మంటారా? లోపలికి తేకూడదు గానీ, బయట..."

"ఆ గొడుగు మీరు స్టాండులో పెట్టించారు."

"పెట్టించాను."

"పిడి చూడగానే తెలిసిందా మీకు?"

"తెలిసింది. అయినా మీరు అడగలేదు."

"మీతో కాపురం చేసేవాడు ఎవడో గానీ... పెళ్ళి కాకపోవడమే మంచిదైంది. చూడండి, పరాయి బిడ్డకి పేరిచ్చాడు. కన్నకూతురికి గొడుగిచ్చాడు. ఏం మనిషి!"

"కోపంగా ఉందా?"

"కోపమే. హారియెట్ ఎంత ఏడ్చుంటుంది! కానీ మాకు వచ్చినదే మేలు. వాన పడితే పేరు పట్టుకుని నిలబడతామా? మా నాన్న ఆ చర్చి బయట, ఆ పాదిరి గొడుగు కిందే నిలబడి, పాదిరుల్ని తిట్టుకున్నాడు. ఇది వింటే మా ఆయన పొట్ట పట్టుకుని... తెలుసు కదా ఆయనకి. అన్నీ తెలుసు."

"గొడుగు సంగతి తెలిసిన రోజున ఆయన ‘మా ఆవిడకి ఆ నాలిక ఎక్కణ్ణించి వచ్చిందో ఇన్నాళ్ళకి తెలిసింది’ అన్నారు."

"మరి చెప్పడేం? ఇంటికొచ్చి నా మొహాన కొట్టొచ్చుగా! పదహారేళ్ళు నవ్వావు కదే, ఇదిగో నీ తాత, తీసుకో అని!"

"నేనూ అడిగాను. ఆ ఒక్కసారే అడిగాను."

"ఏమన్నాడు?"

"‘చెబితే ఆవిడ నవ్వడం మానేస్తుంది. తన తాతే అని తెలిశాక ఎవరైనా వెక్కిరిస్తారా? మంగళవారం సాయంత్రం తలుపు తియ్యగానే, ఏం మీ తాతగారు ఇవాళైనా పలికారా అంటుంది. ఆ మాట కోసమే నేను బస్సెక్కి ఇంటికెళ్తాను. ఇల్లు మూగబోతే ఎలాగ?’ అన్నారు. ఇదిగో రుమాలు. కాగితాల మీద పడకుండా చూసుకోండి."

"ఏడుపుక్కూడా నియమమేనా?"

"ఉప్పునీరు ఇంకా ప్రమాదమండీ."

"ముసలి వెధవ. తొమ్మిదేళ్ళు వెధవ వేషం వేశాడు, నా చేత నవ్వించుకోవడానికి. నేనేమో గెలుస్తున్నాననుకున్నాను... సరేనమ్మా. కథ బాగుంది. దీనివల్ల మా ఆయనకి ఒరిగిందేమిటి? రక్తం నాది, బూడిద ఆయనది. గులాబీ మొక్క తప్పిందా?"

"ఆ ఉత్తరం రెండో పేజీ చదవమని పొద్దున్నే చెప్పబోయాను."

"ఇదిగో, మీరే చదవండి. అర్జీ పెట్టింది ఆయన. పోయాడు గనక ఉత్తరం నా పేరున పంపారు, అంతే కదా."

"అర్జీ మార్చి నెలలో పెట్టారు. అప్పటికి ఆయన ఉన్నారు."

"ఉన్నాడు. ఆస్పత్రిలో చేరడానికి వారం ముందు. ఆ రోజే నా చేత ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. టీవీ లైసెన్సన్నాడు."

"టీవీ లైసెన్సు కాదండీ అది. ఈ ఆఫీసు నుంచి పంపాల్సిన రుజువులన్నీ ఆయనే వరసగా కట్టి నా దగ్గర ఉంచారు. మీరు వచ్చి అడిగి, ఈ చీటీ మీద సంతకం పెడితే ముద్ర వేసి పంపెయ్యడమే. ఈ సాయంత్రమే వెళ్తుంది."

"ఏ రుజువులు? డచ్చివాడివా?"

"వినండి, రెండో పేజీలో అర్జీ ఇలా ఉంది. ‘అర్జీదారు, మ్యూరియెల్ ఫెన్నర్, పుట్టింటి పేరు మాబ్స్, రెవరెండ్ సెప్టిమస్ ఫెన్నర్ వంశీకురాలు. ఆమెకు సదరు సమాధి పక్కన చోటు కోరడమైనది. ఆమె భర్త డెస్మండ్‌కు ఆ వంశంతో ఎట్టి రక్తసంబంధమూ లేదు. అతడు ముందుగా మరణించినచో, ఆమె వచ్చువరకు, ఆమెకు ఇష్టమైతేనే, ఆ చోటులో ఉండనివ్వ ప్రార్థన.’"

"ఆమెకు ఇష్టమైతేనే."

"అలాగే రాసుంది."

"పెన్సిలివ్వండి, సంతకం పెడతాను. ఆ గొడుగూ, పద్నాలుగో నంబరు తాళమూ కూడా ఇవ్వండి. ఇంతవరకూ పాదిరి గారి మనవడనుకుని మోసుకు తిరిగాను. పాపం, మా ఇల్లరికపుటల్లుడు అక్కడ ఒక్కడే కూర్చుని ఎదురుచూస్తున్నాడు."